నల్ల తెర మీద ‘ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్’ అని ఆగిపోయిన ఉబుంటు: ఫార్మాట్ కొట్టకుండా లేపేది ఎట్లా?

అడిగింది చిత్తూరులో జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు పెట్టుకున్న తమ్ముడు. ఉబుంటు 22.04 ఉన్న డెస్క్‌టాప్. మొన్న సాయంత్రం గాలివానకు కరెంటు మూడు నాలుగు సార్లు పోయి వచ్చింది. అప్పటి నుంచి ఆన్ చేస్తే నల్ల తెర మీద బ్రాకెట్లలో ‘ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్’ అనే మాట, పక్కన కొట్టుకుంటున్న కర్సర్, అంతే. ఒక్కోసారి అది కూడా రాకుండా ‘బూట్ డివైస్ దొరకలేదు’ అంటోంది. పక్క షాపతను ‘ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేయ్, పీడ పోతుంది’ అన్నాడంట. లోపల మూడేళ్ళ లెక్కలు, కస్టమర్ల స్కానింగులు ఉన్నాయి. ‘అన్నా, ఫార్మాట్ లేకుండా దారి ఉందా?’ అని ప్రశ్న.

ఉంది తమ్ముడూ. ముందు జవాబు చెప్పేస్తా, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం.

ఫార్మాట్ అక్కర్లేదు. అట్లని ఎఫ్ఎస్‌సీకే (డిస్కులోని తప్పులు సరిచేసే కమాండ్) కూడా ఇప్పుడే కొట్టొద్దు. ముందు హార్డ్‌డిస్క్ డేటా కేబుల్, పవర్ పిన్ను చూడు. తర్వాత లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఉబుంటు నేరుగా అందులోంచే లేచే పెన్‌డ్రైవ్) సిస్టం లేపి, నీ లెక్కలూ స్కానింగులూ వేరే డిస్కులోకి కాపీ చేసుకో. ఎఫ్ఎస్‌సీకే ఆ తర్వాతే. వీడియోల్లో అందరూ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనగానే ఎఫ్ఎస్‌సీకే కొట్టమంటారు. నువ్వు ఆ ‘ఒక్కోసారి బూట్ డివైస్ దొరకలేదు’ అన్న ముక్క రాయకపోయుంటే నేనూ అదే చెప్పి ఊరుకునేవాణ్ణి. ఆ ముక్క వల్లే ఇంత పొడుగు రాయాల్సి వస్తోంది.

ఇంకో మాట. ఫోన్లో తెలుగు కీబోర్డు మీద రాస్తున్నా, అందుకని కమాండ్లన్నీ పలికినట్టే రాశా. నువ్వు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టు, ఖాళీలు నేనిచ్చిన చోటే ఇవ్వు.

నేను తిరుపతిలో పదిహేడేళ్ళుగా ఇదే పని చేస్తున్నా. కాలేజీ ల్యాబులు, క్లినిక్కులు, లాడ్జీల కౌంటర్లు, ఇళ్ళల్లో పిల్లల సిస్టంలు. లినక్స్ బాగా తెలిసిన వాళ్ళు మన ఊళ్ళల్లో తక్కువ కాబట్టి, నా బల్ల మీదికి వచ్చేసరికే చాలా సిస్టంల మీద ఎవరో ఒకరు చెయ్యి చేసుకునే ఉంటారు. ‘ఫార్మాట్ కొట్టినా రావట్లేదన్నా’ అంటూ తెస్తారు. కేబుల్ లూజైతే ఫార్మాట్ కొడితే ఎట్లా వస్తుంది? చెయ్యి విరిగిందని పుత్తూరు కట్టుకు పోతే, చెయ్యి తీసేసి కొత్తది పెడతామంటారా ఎవరైనా?

ముందు తెలుసుకోవాల్సింది ఒకటే: ఎక్కడ ఆగింది?

సిస్టం లేవడమంటే అలిపిరి నుంచి కొండకు నడిచిపోవడం లాంటిది. పాదాల మండపం, గాలిగోపురం, మోకాళ్ళ మెట్లు, ఆ తర్వాతే తిరుమల. మొత్తం 3550 మెట్లంటారు. మనతో వచ్చిన మనిషి గాలిగోపురం దగ్గర కాలు బెణికి కూర్చుంటే, పైన క్యూ కాంప్లెక్సులో వెతుక్కుంటే దొరకడు. లినక్స్‌లోనూ మజిలీలు అట్లాగే ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. మొదట మదర్‌బోర్డులోని బయోస్, కొత్త వాటిలో యూఈఎఫ్ఐ, డిస్కును వెతుకుతుంది. అది గ్రబ్‌ను, అంటే ఉబుంటును లేపే చిన్న ప్రోగ్రాంను, లేపుతుంది. గ్రబ్ పోయి లినక్స్‌కు గుండెకాయైన కెర్నల్‌నూ, దానితో పాటు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న మూటనూ ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. ఆ మూట పని ఒకటే: అసలు డిస్కును కనిపెట్టి, అందులో ఉబుంటు ఉన్న భాగాన్ని, అంటే పార్టిషన్‌ను, తెరిచి, ‘ఇంక నువ్వు చూసుకో’ అని సిస్టమ్‌డీ చేతికి అప్పగించడం. సిస్టమ్‌డీ మిగిలిన సర్వీసులన్నీ లేపి, చివర్లో లాగిన్ తెర చూపిస్తుంది.

ఈ లెక్కన నీకు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కనబడడం ఒక రకంగా మంచి కబురే. మదర్‌బోర్డు బాగుంది, గ్రబ్ బాగుంది, కెర్నల్ లేచింది. అసలు పార్టిషన్‌లోకి అడుగు పెట్టలేకపోయి వాకిట్లో నిలబడింది. ఆ నల్ల తెర మీద నీకు కనిపిస్తున్నది బిజీబాక్స్ అనే చిన్న షెల్. వాకిట్లోనే ఉన్న చిన్న సంచి, కొన్ని పనిముట్లు మాత్రం ఉంటాయి అందులో.

ఎందుకు పోలేకపోయిందనే దానికి రెండు కారణాలుంటాయి, ఆ రెండింటికీ మందు వేరు. తేల్చుకోవడానికి సులువైన చిట్కా ఉంది. ఆ కర్సర్ దగ్గర ‘ఎగ్జిట్’ అని కొట్టి ఎంటర్ నొక్కు. అది మళ్ళీ ఒకసారి ప్రయత్నించి, ఓడిపోయి, ఎందుకు ఓడిపోయిందో ఈసారి చెప్తుంది.

‘ఫలానా పార్టిషన్‌కు మాన్యువల్ ఎఫ్ఎస్‌సీకే కావాలి’ అని వస్తే డిస్కు దొరికింది, కానీ లోపల లెక్క తప్పింది. ‘యూయూఐడీ ఫలానాది లేదు’ (ఆ గుర్తింపు నంబరున్న పార్టిషన్ లేదు) అని ‘అలర్ట్’తో వస్తే అసలు డిస్కే దొరకలేదు. డిస్కే దొరకనప్పుడు ఎఫ్ఎస్‌సీకే దేని మీద కొడతావు? అనుమానముంటే అక్కడే ‘బీఎల్‌కేఐడీ’ అని కొట్టి చూడు. ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 అని పార్టిషన్లు వరసగా కనబడితే డిస్కు ఉంది. ఏమీ రాకపోతే లేదు.

ఇప్పుడు నీ రెండో లక్షణం చూడు. ‘బూట్ డివైస్ దొరకలేదు’ అనేది లినక్స్ అనే మాట కాదు, మదర్‌బోర్డు అనే మాట. అప్పటికి లినక్స్ ఇంకా లేవనే లేదు. అంటే ఒక్కోసారి పాదాల మండపం దగ్గరే ఆగుతోంది, ఒక్కోసారి గాలిగోపురం దాకా పోయి ఆగుతోంది. ఒకే జబ్బు రెండు చోట్ల కనబడుతోందంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. ఇక్కడ ఉమ్మడిగా ఉన్నది డిస్కుకు పోయే దారి: కేబుల్, పవర్ పిన్ను, లేకుంటే డిస్కే. ఒక్కోసారి వచ్చి ఒక్కోసారి రాకపోతే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించకు, ముందు తీగను అనుమానించు. సాఫ్ట్‌వేర్ పాడైతే రోజూ ఒకే చోట, ఒకే మాదిరిగా పాడవుతుంది. మూడ్ బట్టి మారేది హార్డ్‌వేరే.

కాబట్టి ఈ రోజే చేయగలిగింది: స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, సీపీయూ డబ్బా పక్క తలుపు తీయి. హార్డ్‌డిస్క్ నుంచి మదర్‌బోర్డుకు పోయే సన్నటి డేటా కేబుల్‌ను రెండు వైపులా పీకి మళ్ళీ గట్టిగా పెట్టు. వీలైతే కొత్త కేబుల్ వేసి, మదర్‌బోర్డు మీద వేరే సాటా పోర్టులో గుచ్చు. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే పవర్ పిన్ను కూడా మార్చు, దాని తీగకు ఇంకో రెండు పిన్నులు ఖాళీగా వేలాడుతుంటాయి. జిరాక్సు షాపంటే టోనర్ పొడి, కాగితం దుమ్ము లోపల మేట వేసుంటుంది, బ్రష్షుతో దులుపు. ఆయుధపూజ నాడు పసుపు నీళ్ళు చల్లి ఉంటే పిన్నుల మీద ఆ మరకలు కూడా చూసుకో. నవ్వకు, నా దగ్గరికి అట్లాంటివి ఏటా వస్తాయి. దండం పెట్టుకో, డబ్బా బయట బొట్టు పెట్టు, లోపలికి మాత్రం నీళ్ళు పోనీకు.

డబ్బా తెరిచినప్పుడే మదర్‌బోర్డు మీద గుండ్రటి నాణెం బ్యాటరీ చూడు, సీఆర్2032 అంటారు, 3 వోల్టులది. సిస్టం ఆన్ చేసి బయోస్‌లోకి పోతే తేదీ ఏ పాత సంవత్సరమో చూపిస్తోందంటే అది అయిపోయింది. ప్లగ్గు పీకినప్పుడల్లా సెట్టింగులు మొదటికొస్తాయి. కొన్ని బోర్డుల్లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి వేరేదానికి మారిపోతుంది, ఇంకొన్నిట్లో యూఈఎఫ్ఐ పోయి లెగసీ వస్తుంది. అప్పుడు కూడా డిస్కు దొరకదు, కేబుల్ బాగున్నా సరే. తేదీ వెనక్కి పోతే ఇంకో తమాషా ఉంది. పార్టిషన్ మీద ‘చివరిసారి తెరిచింది’ అని రాసుకున్న తేదీ భవిష్యత్తులో ఉన్నట్టు కనబడి, ఎఫ్ఎస్‌సీకే దాన్నే తప్పుగా పట్టుకుంటుంది. సిస్టం లేచాక కూడా వెబ్‌సైట్లన్నీ సర్టిఫికెట్ తప్పని మొరాయిస్తాయి. అంతా ఆ చిన్న బ్యాటరీ చేసే పని.

ఇక కాపీ సంగతి. దీని మీద నేనెందుకు ఇంత పట్టుబడతానంటే

షాపు పెట్టిన కొత్తలో ఒక ఫోటో స్టూడియో ఆయన హార్డ్‌డిస్క్ తెచ్చాడు. నీ మాదిరే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. నాకు అప్పటికి ఎఫ్ఎస్‌సీకే తెలుసు, తెలుసనే గర్వం కూడా ఉంది. ‘-వై’ తగిలించి, అంటే అడిగినదానికల్లా సరే అనమని చెప్పి, టీ తాగడానికి పోయా. ఆ డిస్కు అప్పటికే లోపల చచ్చిపోతోంది. నేను చూడలేదు. చదవలేకపోయిన చోటల్లా ఎఫ్ఎస్‌సీకే ‘ఇది చెడిపోయింది’ అనుకుని తెంపేసుకుంటూ పోయింది. తిరిగొచ్చేసరికి సిస్టం లేచింది. నేను కాలరెగరేశా. ఫోల్డర్ తెరిస్తే ఆయన మూడు పెళ్ళిళ్ళ ఫోటోల్లో చాలా వరకు లేవు. కొన్ని ‘లాస్ట్ ప్లస్ ఫౌండ్’ అనే ఫోల్డర్‌లో పేర్లు పోయి, హ్యాష్ గుర్తు పక్కన అంకెలతో పడున్నాయి. నాలుగు రోజులు కూర్చుని ఒక్కోటీ తెరిచి, ఇది ఏ పెళ్ళిదో మొహాలు చూసి విడదీశా. సగం మించి దొరకలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, ‘వాళ్ళకు నేనేం చెప్పేది సామీ’ అని మాత్రం అన్నాడు. ఆ రోజు నుంచి కాపీ లేకుండా ఎఫ్ఎస్‌సీకే కొట్టలేదు.

ఒకటి అర్థం చేసుకో. ఎఫ్ఎస్‌సీకే పని నీ ఫైళ్ళను కాపాడడం కాదు, పార్టిషన్ లెక్కను సరిచేయడం. పుస్తకంలో జమా ఖర్చు కుదరకపోతే, కుదరని పద్దును కొట్టేసి మొత్తాన్ని సరిపెట్టే గుమస్తా అది. పద్దు నీకెంత ముఖ్యమో దానికి తెలియదు.

కాపీకి వేరే సిస్టంలో ఉబుంటు ఐఎస్ఓ దించి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితో లేపు. ‘ఇన్‌స్టాల్’ కాదు, ‘ట్రై ఉబుంటు’ నొక్కాలి. లేచాక ‘డిస్క్స్’ అనే ప్రోగ్రాం తెరిచి, నీ హార్డ్‌డిస్క్ మీద నొక్కి, పైన మూడు చుక్కల మెనూలో స్మార్ట్ డేటా చూడు, డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క అది. పెద్ద పట్టిక వస్తుంది, కంగారు పడకు. నేను చూసేవి మూడు వరసలే. 5వ నంబరు: డిస్కు తనంతట తాను పక్కన పెట్టేసిన చెడ్డ చోట్లు. 197: చదవలేక, ఏం చేయాలో తేల్చుకోలేక వేచి ఉన్నవి. 199: డిస్కుకూ బోర్డుకూ మధ్య దారిలో చెడిపోయిన డేటా. మొదటి రెండూ సున్నా ఉండి 199 మాత్రం పెద్దగా ఉంటే డిస్కు బంగారం, కేబులే దొంగ. ఈ 199 అంకె కేబుల్ మార్చినా తగ్గదు, పాత లెక్క అట్లాగే ఉంటుంది. కాబట్టి ఈ రోజు ఎంతుందో రాసిపెట్టుకుని, కేబుల్ మార్చాక పెరుగుతోందా లేదా అనేదే చూడు. 197 సున్నా కాకుండా ఉండి, చూస్తుండగానే పెరుగుతోందంటే మాత్రం డిస్కు ప్రయాణం కట్టింది. టిక్కు టిక్కుమని చప్పుడు వస్తున్నా అంతే.

డిస్కు బాగుంటే మామూలుగా ఫైల్స్‌లో తెరిచి కాపీ చేసుకో. అనుమానముంటే తెరవడం కూడా జాగ్రత్తగా తెరవాలి, ఎందుకంటే ఉబుంటు మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతి పార్టిషన్‌ను ఊరికే తెరిచినా అది ముందు తన జర్నల్‌ను (చేయబోయే మార్పుల చిట్టా) సరిచేసుకుంటూ డిస్కు మీద రాస్తుంది. టెర్మినల్‌లో ‘సుడో మౌంట్ -ఓ ఆర్ఓ,నోలోడ్ /డెవ్/ఎస్‌డీఏ2 /ఎంఎన్‌టీ’ అని కొడితే ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే తెరుస్తుంది. ఎస్‌డీఏ2 అన్నచోట నీ పార్టిషన్ పేరు పెట్టుకో. కాపీ చేసేటప్పుడు చిన్నవి, ముఖ్యమైనవి ముందు. నీ లెక్కల ఫైళ్ళు మొత్తం కలిపినా కొన్ని ఎంబీలే ఉంటాయి, అవి మొదటి నిమిషంలో బయటపడాలి. స్కానింగులు తర్వాత. సినిమాలు, పాటలు పోతే పోయాయి.

డిస్కు నిజంగా చావు బతుకుల్లో ఉంటే ఫైళ్ళ వారీగా కాపీ పెట్టొద్దు. ఒక్క చెడ్డ ఫైలు దగ్గర గంటలు తిప్పుతుంది, ఆ తిప్పుడుకే డిస్కు పోతుంది. అప్పుడు జీడీడీరెస్క్యూ అనే ప్యాకేజీ వేసి, డీడీరెస్క్యూతో డిస్కు మొత్తాన్ని వేరే పెద్ద డిస్కులోకి అచ్చు దించుకోవాలి. అది బాగున్న చోట్లన్నీ గబగబా ముందు తీసుకుని, చెడ్డ చోట్లకు చివర్లో తిరిగొస్తుంది. ఎంతవరకు చేసిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ అక్కడి నుంచే అందుకుంటుంది. ఆ తర్వాత ఏ వైద్యం చేసినా ఆ అచ్చు మీదే చేయాలి, అసలు డిస్కును కదపకూడదు. ఇది నీకు కొత్తయితే నువ్వు చేయకు, తెలిసినవాళ్ళ దగ్గర పెట్టు.

ఇప్పుడు ఎఫ్ఎస్‌సీకే

కాపీ చేతికొచ్చింది, స్మార్ట్ లెక్క బాగుంది. లైవ్ పెన్‌డ్రైవ్‌లోనే, ఆ పార్టిషన్ మూసి ఉందని చూసుకుని (తెరిచి ఉన్న పార్టిషన్ మీద ఎఫ్ఎస్‌సీకే కొడితే ఉన్న లెక్క కూడా పాడవుతుంది, ‘సుడో యుమౌంట్ /డెవ్/ఎస్‌డీఏ2’ అని మూసెయ్యి), మొదట ‘సుడో ఎఫ్ఎస్‌సీకే -ఎన్ /డెవ్/ఎస్‌డీఏ2’ అని కొట్టు. ఆ ‘-ఎన్’ ఉంటే చూస్తుందే కానీ చెయ్యి పెట్టదు. ఖాళీ బ్లాకుల లెక్క తప్పింది, అనాథ ఐనోడ్ (ఎవరికీ చెందని ఫైలు పద్దు) దొరికింది అని నాలుగైదు వరసలొస్తే మామూలు కరెంటు దెబ్బే. అప్పుడు ‘-ఎన్’ తీసేసి కొట్టు. ఒక్కోటీ అడుగుతుంది, వై నొక్కు. చాలా ఉంటే ‘ఎ’ నొక్కితే మిగిలినవాటన్నిటికీ సరే అన్నట్టు.

అట్లా కాకుండా ‘బ్లాకు చదవలేకపోయాను’ అంటూ ‘ఇగ్నోర్ ఎర్రర్’, ‘ఫోర్స్ రీరైట్’ అని అడగడం మొదలుపెడితే అక్కడికక్కడే ఆపెయ్. అది లెక్క తప్పు కాదు, డిస్కు తప్పు. ఒకే బ్లాకు మాదంటే మాదని ఫైళ్ళు కొట్లాడుకుంటున్నట్టు వందల వరసలొచ్చినా ఆపి, కాపీ సరిగా ఉందో లేదో మళ్ళీ చూసుకో.

అయిపోయాక పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చెయ్యి. అదే పని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తెర దగ్గరే చేసుంటే ‘ఎగ్జిట్’ కొడితే చాలు, ఆగిన చోటి నుంచి నడక సాగుతుంది. ఇదంతా ఈఎక్స్‌టీ4కు. నీ ఉబుంటు మామూలుగా ఇన్‌స్టాల్ చేసిందైతే అదే ఉంటుంది. ఎక్స్‌ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ ఉన్నవాళ్ళు నా మాట విని ఎఫ్ఎస్‌సీకే కొట్టొద్దు, వాటి మందులు వేరు. ముఖ్యంగా బీటీఆర్ఎఫ్ఎస్ మీద రిపేర్ కమాండ్ ఆఖరి అస్త్రం.

‘ఈఎక్స్‌టీ4కు జర్నల్ ఉంది కదన్నా, కరెంటు పోయినా ఏం కాదంటారు కదా’ అని అడుగుతారు. నిజమే, 2008 చివర్లో వచ్చిన 2.6.28 కెర్నల్ నుంచి అది స్థిరపడింది, మామూలుగా 5 సెకన్లకోసారి జర్నల్‌ను డిస్కు మీదికి దించుతుంది. ఒకసారి కరెంటు పోతే తనే సర్దుకుంటుంది. కానీ పోయి, వచ్చి, సిస్టం సగం లేచేలోపు మళ్ళీ పోయి, ఇట్లా నాలుగు సార్లయితే? పైగా డిస్కు ‘రాసేశా’ అని చెప్పింది ఇంకా దాని సొంత క్యాషేలోనే (తాత్కాలిక మెమరీ) ఉండొచ్చు. అందుకే గాలివాన రోజు మొదటిసారి పోగానే ప్లగ్గు పీకేసి, కరెంటు నిలకడగా ఉందని నమ్మకం కుదిరాకే ఆన్ చెయ్యాలి.

ఇదే సమస్యతో వచ్చే మిగిలినవాళ్ళకు, త్వరత్వరగా

తెర మీద బొమ్మ తప్ప ఏమీ కనబడకపోతే ముందు ఆ బొమ్మను తీసెయ్యండి. ఆన్ చేయగానే ఎస్కేప్ కీ, పాత బయోస్ అయితే షిఫ్ట్, నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. ‘ఇ’ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే వరస చివర్లో ఉన్న ‘క్వైట్ స్ప్లాష్’ అనే రెండు మాటలు చెరిపి, ఎఫ్10 నొక్కండి. అక్షరాలు జలజలా పారతాయి. ఆగినచోట చివరి పది వరసలు ఫోటో తీసుకోండి. ఎర్రగా కనబడినదల్లా జబ్బు కాదు. మొట్టమొదట ఏది విఫలమైందో అదే అసలుది, మిగతావన్నీ దాని వెనక పడ్డవే.

‘ఎమర్జెన్సీ మోడ్’ అని వస్తే, అందులోనూ అంతకు ముందు నిమిషంన్నర లెక్కపెట్టి మరీ వస్తే, నా మొదటి అనుమానం ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్ మీద, లేచేటప్పుడు ఏ డిస్కులు తెరవాలో రాసుండేది అందులోనే. ఒక కాలేజీ ల్యాబు నుంచి పరీక్ష రోజు పొద్దున తొమ్మిదింటికి ఫోన్, సర్వర్ లేవట్లేదని. పోయి చూస్తే, బ్యాకప్ కోసం తగిలించిన ఎక్స్‌టర్నల్ డిస్కును ఎవరో పీకి ఇంటికి తీసుకుపోయారు. సర్వర్ పాపం దాని కోసం 90 సెకన్లు ఎదురుచూసి, అది లేకుండా నేను లేవనని మొండికేసింది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ వరసకు ‘నోఫెయిల్’ అని ఒక మాట చేరిస్తే ఉంటే తీసుకుంటుంది, లేకపోతే పోనిస్తుంది. ముక్కు మీద వేలేసుకోవాల్సిన పని లేదు, ఆ వరస ‘నోఫెయిల్’ లేకుండా రాసింది నేనే.

‘కెర్నల్ ప్యానిక్’ అనీ, రూట్ ఎఫ్ఎస్ తెరవలేకపోయాననీ అప్‌డేట్ చేసిన మర్నాడే వస్తే, బూట్ పార్టిషన్ నిండిపోయి కొత్త కెర్నల్ మూట సగమే రాసుంటుంది. గ్రబ్‌లో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి పోయి పాత కెర్నల్‌తో లేవండి. తర్వాత ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్’తో పాతవి తీసి చోటు చేసి, ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యు -కె ఆల్’ కొట్టండి. ఒక క్లినిక్‌లో ఈ పని పది నిమిషాల్లో అయింది, వాళ్ళు అప్పటికే కొత్త సిస్టం కొనడానికి కొటేషన్ తెచ్చుకున్నారు.

పాస్‌వర్డ్ కొడితే మళ్ళీ పాస్‌వర్డ్ దగ్గరికే వస్తుంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి అక్షరాల తెరలోకి పోయి ‘డీఎఫ్ -హెచ్’ చూడండి. డిస్కు నూటికి నూరు శాతం నిండి ఉంటుంది, లేకుంటే హోమ్ ఫోల్డర్‌లో ఎక్స్‌అథారిటీ అనే దాచిన ఫైల్‌కు యజమాని ‘రూట్’ అనే అడ్మిన్ అయిపోయుంటాడు. కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ వేశాక నల్ల తెరైతే, ఇందాక చెప్పిన గ్రబ్ వరసలోనే ‘నోమోడ్‌సెట్’ అని చేరిస్తే తాత్కాలికంగా లేస్తుంది.

ఏమీ చేయకముందు యూఎస్‌బీ పోర్టుల్లో ఉన్న పెన్‌డ్రైవ్‌లన్నీ పీకండి. పలమనేరు నుంచి ఒక పెద్దాయన సీపీయూ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాడు. వెనక పోర్టులో మనవడు గుచ్చిన పెన్‌డ్రైవ్ ఉంది, బయోస్ దానిలోంచి లేవాలని చూస్తోంది. పీకగానే లేచింది. డబ్బులు తీసుకోమని ఆయన, వద్దని నేను. చివరికి టీ ఆయనే తాగించాడు.

మళ్ళీ నీ దగ్గరికొస్తే తమ్ముడూ, యూపీఎస్ గురించి

నువ్వు యూపీఎస్ ఉందనీ రాయలేదు, లేదనీ రాయలేదు. జిరాక్సు షాపులో లేకుండా ఉండదని నా అంచనా. ఉండి కూడా సిస్టం ఆగిపోయిందంటే రెండు చూడు. ఒకటి, బ్యాటరీ వయసు. మామూలు 600 వీఏ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్ళే, మన ఎండలకు ఇంకా ముందే కూర్చుంటుంది. రెండోది, లేజర్ ప్రింటర్‌నో జిరాక్సు మిషన్‌నో అదే యూపీఎస్‌కు తగిలించావా? అవి కాగితం మీద పొడిని కాల్చి అంటించడానికి ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతాయి. కరెంటు పోయిన క్షణంలో ఆ లోడుకు యూపీఎస్ ట్రిప్ అయి సిస్టంను కూడా తనతో తీసుకుపోతుంది. ప్రింటర్లను గోడ ప్లగ్గుకే పెట్టు. ఇన్వర్టర్ మీద నడుపుతుంటే దాని వెనక ‘యూపీఎస్ మోడ్’ స్విచ్ ఉంటుంది, అది ఆ మోడ్‌లో ఉందో లేదో చూడు. లేకపోతే కరెంటు మారే ఆ చిన్న ఖాళీలోనే సిస్టం రీస్టార్ట్ అవుతుంది.

కేబుల్ మార్చాక ‘ఎగ్జిట్’ కొడితే వచ్చిన తెర, స్మార్ట్ పట్టికలో 5, 197, 199 వరసలు కనబడేట్టు ఇంకోటి, రెండు ఫోటోలు ఇక్కడ పెట్టు. రేపు ఆదివారం, నేను ఇంట్లోనే ఉంటా. అవి చూసే వరకు ఎఫ్ఎస్‌సీకే జోలికి పోవద్దు, పక్క షాపతన్ని కీబోర్డు దగ్గరికి రానివ్వద్దు.